వైరస్ పోయినా లివర్ వాపు తగ్గని వాళ్ల కోసం: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2018 జులైలో కేంద్రం మొదలుపెట్టిన హెపటైటిస్ కార్యక్రమం పుణ్యమా అని లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్‌కు మందులు పేదవాళ్లకు ఉచితంగా అందుతున్నాయి. సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లాటాస్‌విర్ గానీ వెల్పటాస్‌విర్ గానీ 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పోతుంది. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో నెలల తరబడి తిప్పలు పడ్డవాళ్లకు ఇదెంత పెద్ద మార్పో తెలుసు. కానీ వైరస్ పోవడంతోనే కష్టం తీరనివాళ్లు కొందరున్నారు. ఈ లేఖ వాళ్ల కోసం.

మా చిన్నమ్మ వాళ్లలో ఒకరు. నర్సంపేట దగ్గర పల్లెలో కూలి చేసుకునే మనిషి. కీళ్ల నొప్పులు, నీరసం అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ చిన్న చిన్న తెల్ల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. వేసుకున్నన్నాళ్లు పత్తి ఏరేది, ఆపగానే మంచం పట్టేది. అవి స్టెరాయిడ్లని చాలాకాలం దాకా ఎవరికీ తెలియలేదు. కళ్లు పచ్చబడితే కామెర్లన్నారు, పసరు తాగించారు. ఆ తర్వాత గానీ రక్త పరీక్షలో హెపటైటిస్ సి బయటపడలేదు. ఎప్పుడో కాన్పప్పుడు ఆమెకు రక్తం ఎక్కించారు. దాతల రక్తానికి ఈ వైరస్ పరీక్ష తప్పనిసరి కాకముందు మాట అది. అసలు ఆ వైరస్‌ను గుర్తించిందే 1989లో.

ఒక ఆసుపత్రిలో వైరస్‌కు మందులు రాశారు. ఇంకో చోట ఏఎన్‌ఏ (సొంత కణాల మీదికే పోయే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్ వచ్చింది కాబట్టి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అన్నారు, స్టెరాయిడ్ వాడాలన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో మన రోగనిరోధక శక్తే మన లివర్ మీద దాడి చేస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువ. దీనికి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ వాడతారు. సి వైరస్ కూడా ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే రక్తంలో వైరస్ పెరుగుతుంది. వైరస్ మందు ఒక్కటే ఇచ్చి పంపితే రెండో జబ్బు లోపల్లోపల లివర్‌ను తినేసి సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోవడం) దాకా తీసుకుపోవచ్చు. పోనీ పరీక్షలు సూటిగా చెబుతాయా అంటే అదీ లేదు. హెపటైటిస్ సి ఉన్న చాలామందికి ఆటోఇమ్యూన్ జబ్బు లేకపోయినా ఏఎన్‌ఏ తక్కువ మోతాదులో పాజిటివ్ వస్తుంది. ఆటోఇమ్యూన్ జబ్బున్నవాళ్లకు ఒక్కోసారి సి యాంటీబాడీ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. వైరస్ నిజంగా ఉందో లేదో, రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చెప్పాలి. రెండో జబ్బు సంగతి తేలాలంటే రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ ఎంతుందో చూడాలి, లివర్ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలి.

చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టర్ గారు రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి, రెండు జబ్బులనూ కలిపి చూశారు. ముందు వైరస్ పోగొట్టారు. ఆ తర్వాత కూడా లివర్ ఎంజైములు (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి), ఐజీజీ దిగకపోయేసరికి బయాప్సీ చేయించి, అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఇప్పుడు చిన్నమ్మ తన పని తాను చేసుకుంటోంది. ఈ పద్ధతి వరంగల్‌లోనే ఎందుకు జరగకూడదు? ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జనానికి పెద్దాసుపత్రి అంటే వరంగలే కదా.

హెపటైటిస్ సి కోర్సు పూర్తయిన 12 వారాలకు వైరస్ పోయిందా లేదా అని చూస్తారు. అదే రోజు లివర్ ఎంజైములు కూడా చూడాలని, ఎక్కువగా ఉంటే ఐజీజీ, ఏఎన్‌ఏ పరీక్షలకు పంపాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి. ఆ పరీక్షలు, బయాప్సీ, దాన్ని చదవగలిగే పాథాలజిస్టు వరంగల్‌లోనే ఉచితంగా అందాలి. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా మర్చిపోకూడదు, అది ఉంటే స్టెరాయిడ్ వల్ల విజృంభిస్తుంది. పొట్లాల్లో స్టెరాయిడ్లు ఇచ్చే ఆర్‌ఎంపీల మీద నిఘా పెట్టండి.

ఇక అజాథయోప్రిన్. ఈ మందు ఏళ్ల తరబడి వాడాలి, తెల్ల రక్త కణాలు పడిపోతున్నాయేమో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. మందు దొరక్క మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. కూలి పోగొట్టుకుని ప్రతిసారీ హైదరాబాద్ బస్సు ఎక్కడం మా చిన్నమ్మలాంటి వాళ్ల వల్ల కాదు. ఆ మాత్రలు, ఆ రక్త పరీక్ష నర్సంపేట లాంటి ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా దొరికేలా చూడండి.

ఇట్లు,
వరంగల్ జిల్లా నుంచి ఒక రోగి బంధువు