రాడోమ్‌లోని కుర్త్స్ కుటుంబం గురించి రఘుకి

రఘూ,

ఆలస్యానికి క్షమించరా. నీ ఉత్తరం నా బల్ల మీదే ఉంది, రోజూ నన్ను చూస్తూనే ఉంది. పరీక్ష పేపర్లు, నాన్నగారి కంటి ఆపరేషన్, వంటింటి కప్పు మరమ్మతు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. నాన్నగారు ఇప్పుడు భూతద్దం లేకుండా పేపరు చదువుతున్నారు. కప్పు కారడం ఆగింది. పాపకు వరంగల్‌లో సీటు వచ్చింది. మీ వదిన నీకు కందిపొడి పంపుతోంది, సీసా మాత్రం తిరిగి రావాలట. ఎందుకో నీకూ నాకూ తెలుసు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సెలవుల్లో ‘వి వర్ ది లక్కీ వన్స్’ అనే సీరియల్ చూశాం. 2024లో వచ్చింది, ఎనిమిది భాగాలు. పోలండ్‌లోని రాడోమ్ పట్నంలో బట్టల దుకాణం నడుపుకునే కుర్త్స్ అనే యూదు కుటుంబం కథ. తల్లి నెహూమా, తండ్రి సోల్, ఐదుగురు పిల్లలు: గెనెక్, మీలా, ఆడీ, యాకోబ్, హలీనా. కల్పించిన మనుషులు కాదు. ఆడీ మనవరాలు జార్జియా హంటర్ 2017లో రాసిన నవలే దీనికి ఆధారం. తన తాత యూదుడనీ, రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు చేసిన యూదుల మారణకాండ నుంచి బయటపడ్డ కుటుంబం తమదనీ ఆమెకు పదిహేనేళ్లు వచ్చేదాకా తెలియదట. అప్పటికి తాత పోయి ఏడాది. బడిలో ఇచ్చిన పని కోసం అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగితే బయటపడింది. ఆ ఇంట్లో అన్నేళ్లు ఆ మాట ఎవరూ ఎత్తలేదంటే, ఎంత బరువును మోస్తూ తిరిగారో ఆలోచించు.

పోయినసారి ఫోన్లో నువ్వన్న మాట నాకు గుర్తుంది. అరవై లక్షల మంది యూదులు పోయిన చోట ఒక కుటుంబం మొత్తం బతికి బయటపడిన కథ ఎందుకు, అది చనిపోయినవాళ్లకు చేసే అన్యాయం కాదా అన్నావు. మంచి ప్రశ్నే. ఆ రోజు నుంచీ అది నన్ను తొలుస్తూనే ఉంది. ఇప్పుడు నాకు గట్టి జవాబు ఉంది.

ఒక్క సన్నివేశం చెబుతాను, జాగ్రత్తగా చదువు. ఘెట్టోలో, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలో, ఉన్న కొందరిని విదేశానికి పంపిస్తామని నమ్మించి రైలెక్కిస్తారు. మీలా తన కూతురు ఫెలీసియాను తీసుకుని బయలుదేరుతుంది. భర్త ఏమయ్యాడో తెలియదు, ఆమెకు ఆ పిల్లే లోకం. రైలు ఎక్కడో పొలాల దగ్గర ఆగుతుంది. దిగమంటారు. చేతికి పారలిచ్చి తవ్వమంటారు. ఏం తవ్వుతున్నారో వాళ్లకు అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది. ఆ గుంపులో ఒకామె, జుట్టూ ముఖమూ చూస్తే యూదు మనిషని ఎవరూ అనుకోని రూపం, తాను పొరపాటున వచ్చానన్నట్టు పక్కకు జరుగుతోంది. మీలా అది గమనించి కూతురి చెవిలో చెబుతుంది: ఆమె దగ్గరికి పరుగెత్తు, ఆమె మీ అమ్మ అన్నట్టు పరుగెత్తు.

చిన్నపిల్ల రా. కన్నతల్లిని వదిలి, ఎన్నడూ చూడని ఆడమనిషిని అమ్మా అంటూ పరుగెత్తాలి. వెనక్కి చూడకూడదు. తల్లి ఆ పిల్ల వీపునే చూస్తూ పార పట్టుకుని నిలబడాలి.

మా అమ్మ నా పక్కనే కూర్చుని చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, నేను అక్కడక్కడా చెబుతూ వచ్చాను. ఇక్కడ మాత్రం నేను నోరు విప్పలేదు, ఆమె అడగనూ లేదు. లేచి వెళ్లి వాకిట్లో నిలబడింది. కాసేపటికి గడప దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండానే, “పిల్లను ఆమె ఎత్తుకుందా?” అంది. ఎత్తుకుందమ్మా అన్నాను. “తల్లి?” అంది. తల్లి కూడా బతికింది అన్నాక వచ్చి కూర్చుంది. మిగతా భాగాలన్నీ చూసింది, ప్రతి రాత్రీ ముందుగా ఆ పిల్ల క్షేమం అడిగి మరీ చూసింది. తర్వాత ఆ పిల్ల జుట్టుకు రంగు వేసి, పేరు మార్చి, ఒక కాన్వెంటులో దాచిపెడతారు. అది చూసి అమ్మ ఆ సన్యాసినులకు చేతులెత్తి దండం పెట్టింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. అందరూ చనిపోయే కథలో ఒక దశ దాటాక మనసు మొద్దుబారిపోతుంది. చావును ముందే ఒప్పుకుని చూస్తాం. ఇక్కడ అలా కాదు. ఒక్కొక్కరు ఎలా బతికారో చూస్తున్నప్పుడు, అక్కడ ఆ మనిషి లేకపోతే, ఆ నిమిషం అటు తిరిగి ఉంటే అన్న భయం ప్రతిసారీ గుండెలో పొడుచుకుంటుంది. ఆ గుంపులో పార పట్టుకున్న మిగతావాళ్లకు అలాంటి ఆడమనిషి దొరకలేదు. వాళ్ల పిల్లలకు పరుగెత్తే చోటు లేదు. ఆ సంగతి సీరియల్ నోటితో చెప్పదు, మనమే లెక్క కట్టుకుంటాం. యుద్ధానికి ముందు రాడోమ్‌లో యూదులు దాదాపు 30,000 మంది. 1941లో రెండు ఘెట్టోల్లో కుక్కారు. 1942 ఆగస్టులో ఆ రెండింటినీ ఖాళీ చేసి చాలామందిని త్రెబ్లింకా అనే నాజీ మరణశిబిరానికి తోలారు. చివరికి మిగిలింది 300 మంది కూడా కాదట. ఆ ముప్పై వేల పక్కన ఈ ఒక్క కుటుంబాన్ని పెట్టి చూడు, అప్పుడు నాతో వాదించు.

పైగా అందరూ బతికారన్నది ఆ ఇంటి పేరున్నవాళ్ల వరకే. యాకోబ్ భార్య బెల్లా ఉంది కదా, ఆమె అమ్మానాన్నలు రారు. అత్తింటివాళ్లు ఒక్కొక్కరే దొరుకుతుంటే సంతోషించాలి, తన వైపు ఎవరూ లేరన్నది దిగమింగాలి. ఆ నటి ముఖం చూస్తే... సరే, అది రాసే విషయం కాదు, చూసే విషయం.

గెనెక్ సంగతి ఇంకోటి. పెద్దకొడుకు. భార్య హెర్తాతో అప్పటి పోలండ్‌లోని ల్వోవ్‌లో ఉండగా సోవియట్‌లు పట్టుకుని సైబీరియాకు పంపేశారు. అక్కడే కొడుకు పుట్టాడు. నవలలో ఒక వివరం ఉంది: చలికి ఆ పసివాడి కళ్లు తెల్లారేసరికి గడ్డకట్టి అతుక్కుపోయేవి. తల్లి తన పాలు వెచ్చగా రెండు చుక్కలు వేసి ఆ రెప్పలు విడదీసేది. నేను పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. మన మాలతి పుట్టిన చలికాలం గుర్తొచ్చింది, ఇక రాయను. 1941లో జర్మనీ సోవియట్ మీద పడ్డాక పోలిష్ ఖైదీలను వదిలిపెట్టారు, గెనెక్ అలా విడుదలైనవాళ్లతో కట్టిన ఆండర్స్ సైన్యంలో చేరి మధ్య ఆసియా, పర్షియా మీదుగా ఇటలీ దాకా వెళ్లి మాంటే కాసినోలో పోరాడాడు. అదే దారిలో బయటపడ్డ పోలిష్ పిల్లల్లో కొందరు మన దేశానికి వచ్చారు, తెలుసా? 1942లో జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ వాళ్లకు నీడనిచ్చాడు. మనకు బళ్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మన మేష్టారు కూడా చెప్పలేదు, ఆయన చెప్పనిది ఏదీ లేదనుకునేవాళ్లం.

నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఆడీ. పాటలు కట్టేవాడు. యుద్ధం మొదలయ్యేసరికి ఫ్రాన్సులో ఉన్నాడు, ఇంటికి వెళ్లలేకపోయాడు. బ్రెజిల్ రాయబారి సూజా దాంతాస్ తన ప్రభుత్వం వద్దన్నా వందల మందికి వీసాలిచ్చాడు, వాటిలో ఒకటి ఇతనికి దక్కింది. 1941 జనవరిలో మార్సేలో ‘అల్సినా’ ఓడ ఎక్కితే, దాన్ని పశ్చిమ ఆఫ్రికాలోని డకార్‌లో నెలల తరబడి ఆపి, చివరికి కాసాబ్లాంకాకు మళ్లించారు. ఎలాగో రియో చేరాడు. అక్కడ సముద్రం ఉంది, ఎండ ఉంది, సంగీతం ఉంది, తిండి ఉంది. ఇంటి నుంచి ఒక్క అక్షరం లేదు. ఏళ్ల తరబడి లేదు. అమ్మ ఉందో లేదో తెలియకుండా పొద్దున్నే లేచి స్నానం చేసి పనికి వెళ్లడం! ఘెట్టోలో ఉన్నవాళ్ల బాధను కెమెరా చూపించగలదు, ఈ బాధను చూపించడం కష్టం. ఇక్కడ చూపించారు. అతను నవ్వుతున్నప్పుడు కూడా ఆ కళ్లు తలుపు వైపే ఉంటాయి. అక్కడ వార్సా శివార్లలో నెహూమా, సోల్ ఒక పోలిష్ కుటుంబం ఇంట్లో, గోడ వెనక కట్టిన ఇంకో గోడ సందులో ఊపిరి బిగబట్టి దాక్కుని ఉన్నారు. కొడుక్కి ఏ సంగతీ తెలియదు. హలీనా ఒక్కతే దొంగ కాగితాలతో తిరుగుతూ, డబ్బు తెచ్చిస్తూ, అందరినీ ఒక దారానికి కట్టి పట్టుకుంది. రఘూ, ఇంటిల్లిపాదిలో చిన్నది రా ఆమె.

ఇది చూశాక ఆగలేక 1978 నాటి ‘హోలోకాస్ట్’ సీరియల్ కూడా చూశాను. బెర్లిన్‌లో డాక్టర్ వైస్ కుటుంబం. ఇది నీకు నచ్చే లెక్క. చిన్నకొడుకు రూడీ, పెద్దకోడలు ఇంగా (మెరిల్ స్ట్రీప్, కొత్తలో) తప్ప ఆ ఇంట్లో దాదాపు అందరూ పోతారు. పదిహేనేళ్లు దాటిన కూతురు ఆనాను మతి చలించిందని హాడమార్‌కు పంపి విషవాయువుతో చంపేస్తారు. అది కథకోసం అల్లింది కాదు, హాడమార్ నిజంగా అలాంటి ఆసుపత్రే. ఇది వచ్చినప్పుడు ఆష్విట్జ్ నాజీ శిబిరం నుంచి బయటపడ్డ రచయిత ఎలీ వీజెల్ తీవ్రంగా తప్పుబట్టాడు, ఆ ఘోరాన్ని చవకబార్చారన్నాడు. అమెరికాలో మధ్యమధ్య వ్యాపార ప్రకటనలు కూడా వేశారట, ఆ మాట వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. వీజెల్ కోపంలో న్యాయం ఉంది.

కానీ తర్వాత జరిగింది చూడు. 1979 జనవరిలో నాలుగు రాత్రులు పశ్చిమ జర్మనీలో వేశారు. దాదాపు రెండు కోట్ల మంది చూశారు. ఒక్కో భాగం అయ్యాక చరిత్రకారులు స్టూడియోలో కూర్చుంటే ప్రేక్షకులు వేలకొద్దీ ఫోన్లు చేశారు. కొందరు ఏడ్చారు, కొందరు తాము చూసింది చెప్పారు. పిల్లలు తండ్రుల్ని నిలదీశారు, అప్పుడు నువ్వెక్కడున్నావు నాన్నా అని. హత్యలపై విచారణకు ఉన్న కాలపరిమితి ఆ ఏడాది చివరికి ముగిసిపోవాలి, నాజీ హంతకులు హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. జులైలో వాళ్ల పార్లమెంటు ఆ పరిమితినే ఎత్తేసింది. ఒక్క సీరియల్ వల్లే అని నేననను, చర్చ అంతకుముందే నడుస్తోంది. అయినా వేల పేజీల కోర్టు కాగితాలు కదపలేని ఇళ్లను వైస్ కుటుంబం కదిపింది. అందుకే నాకు రెండూ కావాలి. వైస్ ఇంటివాళ్లు పోవడం చూడాలి, కుర్త్స్ ఇంటివాళ్లు దొరకడమూ చూడాలి. ఒకటి ఉంటే రెండోది వద్దనడం నాకు...

కింద ఆటో వచ్చింది, నాన్నగారిని కంటి పరీక్షకు తీసుకెళ్లాలి. యుద్ధం అయ్యాక రెడ్‌క్రాస్ ద్వారా ఆడీకి తంతి అందిన ఘట్టం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, దానికే ఇంకో ఉత్తరం కావాలి. ఈలోగా నువ్వు మొదటి భాగం చూడు. ఒంటరిగా చూడకు, పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. హారన్ కొడుతున్నాడు, వెళ్తున్నాను.

నీ,
శీను