కాలేజీ పిల్లల సర్వే పుస్తకాలు మా ఊళ్లోనే ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కడప జిల్లా పోరుమామిళ్ల మండలంలో ఒక పల్లె మాది. పొదుపు సంఘాల లెక్కలు రాసే యానిమేటరును నేను. చెరువు కింద ఎకరన్నర మడి కూడా ఉంది. ఏటా మా ఊరికి వచ్చే డిగ్రీ కాలేజీ పిల్లల గురించి నాలుగు మాటలు రాస్తున్నాను, దయచేసి ప్రచురించండి.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. 180 గంటలు ఏదైనా ఊళ్లోనో పేటలోనో పని చేసి, ఇంటింటి సర్వే రాసి, రోజూ లాగ్ బుక్ నింపి, చివర్లో రిపోర్టు ఇస్తే 4 క్రెడిట్లు, అంటే డిగ్రీలో లెక్కకు వచ్చే పాయింట్లు. ఈ పద్ధతి పెట్టినందుకు నాకు చాలా సంతోషం. బస్సులో మా ఊరి మీదుగా పోతూ కూడా దిగని పిల్లలు ఇప్పుడు మా అరుగుల మీద కూర్చుంటున్నారు. నా బాధంతా వాళ్లు రాసుకుపోయే పుస్తకాల గురించి.

వాళ్లు వచ్చేది ఎండాకాలంలో. తలకు టవలు చుట్టుకుని, నీళ్ల సీసాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంట్లో ఎంతమంది, ఏం చదివినారు, మరుగుదొడ్డి ఉందా, ఎనుములు ఎన్ని, ఏం పంట పెట్టినారు అని అడుగుతారు. మా వీధిలో ఒక ముసలావిడ విసిగిపోయి, "నిరుడే అన్నీ చెప్పినాం గదమ్మా, మళ్లీ ఏంది?" అనింది. "నిరుడు వచ్చింది మా సీనియర్లు అవ్వా" అన్నాడొక పిల్లోడు. "అయితే వాళ్లనే అడిగి రాసుకోపో" అంటే, వాళ్ల పుస్తకాలు కాలేజీలో ఇచ్చేసినారని చెప్పినాడు. ఆ పిల్లోడి తప్పేం లేదు. కానీ అవ్వ అడిగింది న్యాయమైన మాట. ఏటా అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్పి మా ఊరివాళ్లకు ఒక్క కాగితమైనా మిగల్లేదు.

ఇది ఎందుకు ఇంత పెద్ద విషయమో చెప్తాను. ఒక ఏడాది వచ్చిన బ్యాచ్‌లో బీఎస్సీ చదివే ఒక అమ్మాయి ఉండింది. ఇచ్చిన ఫారం త్వరగా ముగించి, తనంతట తాను బోర్ల లెక్క రాయడం మొదలుపెట్టింది. ఎవరింటికి పోయినా మగవాళ్లను వదిలేసి నేరుగా వంటింటి గడప దగ్గర కూర్చునేది. మీ బోరు ఏ ఏడాది వేసినారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడినాయి, ఎప్పుడు ఎండిపోయింది, దానికి అప్పు ఎక్కడ తెచ్చినారు అని అడిగేది. మగవాళ్లు అడుగులు చెప్తే, ఆడవాళ్లు ఏ నగ కుదువ పెట్టినదీ చెప్పినారు. సర్వేకు వచ్చే పిల్లలందరూ ఇది గమనించాలి. రచ్చబండ దగ్గర రాసుకున్న లెక్కకూ, పొయ్యి దగ్గర రాసుకున్న లెక్కకూ చాలా తేడా ఉంటుంది.

ఆ అమ్మాయి పుస్తకంలో పేజీలు తిప్పుతుంటే ఊరంతా కనిపించింది. చెరువు కింది పల్లంలో బోర్లు తక్కువ లోతుకే నీళ్లిస్తున్నాయి. చెరువు నిండిన ఏడాది అవి వేసవిలో కూడా ఆగలేదు. మిట్ట మీద అంతకు రెండింతలు దించినా దుమ్మే. ఈ సంగతి ఊళ్లో అందరికీ ఉజ్జాయింపుగా తెలుసు. కానీ సర్వే నంబర్లతో, ఏడాదులతో ఒకచోట రాసి ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత చెరువు పూడిక తీయించమని అర్జీ పెట్టేటప్పుడు ఆ పుస్తకం కోసం కాలేజీకి మనిషిని పంపినాం. పాత రిపోర్టులు కట్టలు కట్టి గదిలో వేసినాం, వెతకాలన్నారు. ఆ పుస్తకం మాకు ఇప్పటికీ దొరకలేదు.

మా పొదుపు సంఘంలో పోయిన నెల ముగింపు నిల్వే ఈ నెల ప్రారంభ నిల్వ. ఆ ఒక్క గీత రాయకుంటే బ్యాంకు వాళ్లు పుస్తకాన్ని ముట్టుకోరు. పిల్లల సర్వేకు మాత్రం ప్రారంభ నిల్వ ఎప్పుడూ సున్నానే.

పోరుమామిళ్ల చెరువు గురించి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువది. 1369లో వేయించిన సంస్కృత శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు చెక్కించినారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాసినారు. కట్టినవాళ్లు తాము చేసిన పనిని రాసి ఊళ్లోనే నిలిపి పోయినారు కాబట్టే 650 ఏళ్లు దాటినా మనం చదువుకుంటున్నాం. ఆ ఆరు దోషాల్లో ఒకటి కట్టలోంచి నీళ్లు ఊరడం. నీళ్లు తక్కువై, వాటి మీద ఆధారపడ్డ భూమి ఎక్కువ కావడం ఇంకొకటి. మా పల్లె చిన్న చెరువులో ఈ రోజు ఈ రెండూ ఉన్నాయి. తూము పక్కన ఊట ఎక్కడ మొదలైంది, ఏటా ఎంత పెరుగుతోంది, నిండినాక నీళ్లు పొర్లిపోయే మరవ దగ్గర రాళ్లు ఎన్ని కదిలినాయి, వంక నుంచి నీళ్లు తెచ్చే కాలువను కంపచెట్లు ఎంతదూరం మూసినాయి, ఆయకట్టులో ఇప్పుడు నిజంగా పారేది ఎన్ని ఎకరాలు? వీటికి ఇంజనీరు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. ఒక టేపు, ఒక ఫోను, నలుగురు పిల్లలు, ఊరి పెద్ద ఒకరు తోడుంటే చాలు. సర్వేకు వచ్చే ఎండాకాలమే చెరువు అడుగు కనిపించే కాలం కూడా.

జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) 1969 నుంచీ ఉంది. అందులో వాలంటీర్లకు ఏడాదికి 120 గంటల సేవ, దత్తత ఊళ్లో ఏడు రోజుల శిబిరం ఉంటాయి. ఆ శిబిరం వానలు పడినాక, చెరువులో నీళ్లున్నప్పుడు పెడితే ఎండాకాలం బ్యాచ్ రాసిన లెక్కను ఈ పిల్లలు సరిచూడొచ్చు. ఇప్పుడు ఒకే కాలేజీలో ఎన్ఎస్ఎస్ వాళ్లు ఒక ఊరికి, ప్రాజెక్టు వాళ్లు ఇంకో ఊరికి పోతున్నారు. వచ్చే ఏడాదికి ఊర్లే మారిపోతాయి. ర్యాలీలు చేస్తారు, బడి ముందు ఊడుస్తారు, ఫోటో దిగుతారు. అవీ మంచివే, వద్దనను. కానీ ఊడ్చిన చోట మూడోరోజుకు మళ్లీ చెత్త పడుతుంది. రాసిన లెక్క పదేళ్లకైనా పనికొస్తుంది.

కొందరు పిల్లలు పక్క ఊరి రిపోర్టులో పేరు మార్చి మా ఊరి పేరు రాసుకుని, సంతకం కోసం వస్తున్నారు. వాళ్ల మీద కోపం రాదు నాకు. తాము రాసింది ఎవరూ చదవరని వాళ్లకు ముందే అర్థమైపోయింది. చదివేవాళ్లు ఊళ్లో ఉన్నారని తెలిస్తే ఆ పిల్లలే బాగా రాస్తారు. బోర్ల లెక్క రాసిన అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, మేము ఆసక్తిగా వింటున్నామని చూసి రాసింది.

కాబట్టి మన జిల్లాలోని డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, యోగి వేమన విశ్వవిద్యాలయం పెద్దలకు నా మనవి. కాలేజీకి ఇచ్చే రిపోర్టు నకలు ఒకటి గ్రామ సచివాలయంలో ఇచ్చి, రసీదు తెస్తేనే క్రెడిట్లు వేయండి. అప్పులు, నగలు, జబ్బుల వివరాలున్న పేజీల్లో పేర్లు తీసేయమనండి. అందులోని ముఖ్యమైన లెక్కలను అక్టోబరు 2 గ్రామసభలో పిల్లల చేతనే చదివించండి. ఒక కాలేజీ ఒక ఊరిని కనీసం ఐదేళ్లు వదలకుండా పట్టుకోవాలి. కొత్త బ్యాచ్ ఊళ్లో అడుగుపెట్టే ముందు పాత బ్యాచ్ పుస్తకం చదివి రావాలి. నిరుటి నుంచి ఏం మారిందో అడిగితే మా అవ్వలు కూడా విసుక్కోరు.

ఈ వేసవికి మా ఊరికి ఏ కాలేజీ పిల్లలు వచ్చినా మధ్యాహ్నం సంగటి, పప్పు మా గ్రామ సంఘం ఆడవాళ్లం పెడతాం. ఆడపిల్లలు రాత్రి ఉండాల్సొస్తే సంఘం గది తాళం నా దగ్గరే ఉంది. చెరువు చూపించడానికి, ఒకప్పుడు చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటిగా చేసిన పెద్దాయన రోజూ వెంట వస్తానన్నాడు. పోయిన ఏడాది పుస్తకం జిరాక్సు ఒకటి పిల్లల చేతికిచ్చి పంపండి.

ఇట్లు,
ఒక గ్రామ సంఘం యానిమేటరు,
పోరుమామిళ్ల మండలం, కడప జిల్లా.