బ్యాగులో ఆ కట్టర్ సంగతి

చి॥ వంశీకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలికి మళ్లీ అదే నూనె రాస్తున్నారు, డాక్టరు మాట వినరు. పై వాటా ఖాళీ అయింది. కామేశ్వరి పిన్ని ఫోన్ చేసింది. బర్మింగ్‌హామ్‌లో స్టేషన్ దగ్గర పోలీసులు నిన్ను ఆపి బ్యాగు వెతికారని వాళ్ల చంటి చెప్పాడట. పిన్ని గోరంతలు కొండంతలు చేస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆదివారం నువ్వు ఫోన్ చేయకపోయినా పట్టించుకోలేదు.

ఈసారి కాపు సగం పిందెల్లోనే రాలిపోయింది. ఎలాగో ఆవకాయ పెట్టాను. సుధాకర్ చేత పంపిస్తున్నా, కారకుండా రెండు కవర్లు చుట్టాను.

సరే, అడిగేస్తాను. గోడౌన్‌లో అట్టపెట్టెలు కోసే కట్టర్ బ్యాగులోనే ఉండిపోయిందా? అక్క అక్కడి గవర్నమెంటు వెబ్‌సైటు చదివి వినిపిస్తే క్యాలెండరు వెనక రాసుకున్నాను. అంచు 3 అంగుళాలు దాటని మడత చాకు, తెరిచాక లాక్ పడనిదైతే, జేబులో ఉన్నా తప్పు కాదట. లాక్ పడేదైతే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపించాలి. ఇంగ్లండ్‌లో 1988 నాటి చట్టం ఇది. నీ కట్టర్ మడత చాకు కిందకి రాదు కదా! పనికి వెళ్తూ వస్తూ ఉంటే కారణం ఉన్నట్టే. డ్యూటీ అయ్యాక అదే బ్యాగుతో సినిమాకి పోతే? మర్చిపోయానంటే సరిపోదు. ఆత్మరక్షణకని మాత్రం పొరపాటున కూడా అనకు, ఒప్పుకోరు. 4 ఏళ్ల దాకా జైలు వేయొచ్చట. ఇక వీసా సంగతి నేను చెప్పాలా?

మీ తాతయ్య సంగతి గుర్తుందా? మద్రాసు పెళ్లికి సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం. బంగినపల్లి బుట్ట పక్కన పెట్టుకుని, ఆ కొమ్ము పిడి చాకుతో చెక్కు తీస్తున్నారు. తొక్క ఎక్కడా తెగకుండా కిందిదాకా దిగాల్సిందే. ఒంగోలులో ఎక్కినాయన కిటికీ సీటు తనదన్నాడు. మాటా మాటా పెరిగింది. "ఏదీ, టికెట్టు చూపించు" అంటూ తాతయ్య చాకున్న చెయ్యే ముందుకు చాపారు. "పొడుస్తున్నాడు బాబోయ్" అంటూ ఆయన పై బెర్తు ఎక్కేశాడు. గూడూరులో రైల్వే పోలీసులు తాతయ్యని దింపేశారు. వెనకే మీ నాన్న, బుట్టతో నేను. నానమ్మ ఎస్సైకి రెండు ముక్కలు కోసి పెట్టబోయింది. దేంతో కోస్తుంది, చాకు ఆయన టేబులు మీదే ఉందాయె! సాయంత్రానికి వదిలారు, చాకూ ఇచ్చేశారు. పెళ్లి మాత్రం అయిపోయింది. అక్కడా అంతేనట, ఎవరి మీదికైనా ఎత్తావంటే ఇక అంగుళాలు ఎవరూ కొలవరు.

పోలీసులు ఆపితే పరిగెత్తకు, గొంతు పెంచకు. అలాగని బిక్కచచ్చిపోకు. తన పేరు, స్టేషను, దేనికోసం వెతుకుతున్నాడు, ఎందుకు, ఏ చట్టం కింద, అన్నీ అతనే చెప్పాలి. కారణం లేకుండా వెతకాలంటే పైఅధికారి అనుమతి ఉండాలి. వెతికినంత మాత్రాన నీ పేరు, అడ్రసు చెప్పాల్సిన పని లేదు. స్టేషనుకి తీసుకెళ్తే లాయరు ఉచితం, ఆయనతో మాట్లాడకుండా ఏమీ చెప్పకు. వెతికినట్టు రాసిన కాగితం కాపీ 3 నెలల్లోపు అడగొచ్చట. అడిగావా? ఫోటో తీసి అక్కకి పెట్టు. నాకొద్దులే. సరే, నాకూ పెట్టు.

కట్టర్ గోడౌన్ లాకర్లోనే వదిలేసి రా. రాత్రి షిఫ్టుకి మంకీ క్యాప్ పెట్టుకో. మొహం మాత్రం మూసుకోకు, మళ్లీ ఆపుతారు.

మీ అమ్మ