బోర్డు మీద తేజ పెరిగింది, మీ కారంలో తగ్గింది

మా కారం గిర్ని ముందు, చపాటా, తేజ మిర్చి ఎంతెంత కలుపుతామో రాసిన బోర్డు మార్చినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను. "ఇదివరకు ముప్పావు కిలో తేజ పోసేటోళ్లు, ఇప్పుడు కిలో పోస్తున్నరు. చపాటా పిరమైందని మాకు తేజ అంటగడుతున్నరా?" ఒకరైతే బోర్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఏళ్ల తరబడి నా దగ్గరే కారం పట్టించుకునే వాళ్లు ఈ మాట అన్నందుకు బాధగానే ఉంది. అయినా లెక్క చెప్పాల్సింది నేనే.

పాత బోర్డు: కిలోన్నర చపాటాకు ముప్పావు కిలో తేజ. అంటే కిలో చపాటాకు అర కిలో. కొత్త బోర్డు: రెండుంబావు కిలోల చపాటాకు కిలో తేజ. ఒకటిని రెండుంబావుతో భాగిస్తే తొమ్మిదిలో నాలుగు వంతులు, అంటే కిలో చపాటాకు దాదాపు 444 గ్రాములు. 56 గ్రాములు తగ్గింది. ఫొటో తీసినాయన తేజ పక్కన అంకె చూశారు, చపాటా పక్కన అంకె చూడలేదు.

అసలు మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, చపాటా వల్ల. 2025లో జీఐ ట్యాగ్ వచ్చిన మన వరంగల్ చపాటా, టమాటా మిర్చి అని కూడా అంటాం. ఎర్రటి రంగు దండిగా ఇస్తుంది, ఘాటు తక్కువ. ఘాటు కోసం తేజ, రంగు కోసం చపాటా. నాకు ఎప్పుడూ కాయ ఇచ్చే ఆయన ఈసారి ధర మాట్లాడుకుని, చేతిలో చెయ్యేసి, మంచి సరుకు ఎక్కువ ధర వచ్చిన చోట అమ్ముకున్నాడు. అది ఆయన ఇష్టం, వ్యాపారం. కానీ నాకు పంపిన బస్తాల్లో పైన రెండు దోసిళ్ల మందం గుండ్రటి, ముడతల చపాటా, కింద సన్నటి పొడుగు కాయ, మధ్యలో తాలు, అంటే రంగు పోయిన కాయ. కుమ్మరించి చూడగానే తెలిసిపోయింది. కాంటా కూడా పెట్టకుండా అదే ఆటోలో వెనక్కి పంపాను. "అంతా పొడైనంక ఎవలికి తెలుస్తది కాకా" అన్నాడు ఫోన్‌లో. నాకు తెలుస్తుంది కదా. కొంచెం రంగు పొడి కలిపితే సరిపోతుందని మరొకాయన సలహా. ఆ సలహా కూడా ఆటోలోనే వెళ్లిపోయింది.

ఇంట్లో కూడా గొడవే అయింది. ఒకటే చోట తగ్గిద్దాం, కిలోన్నర చపాటా బదులు కిలోంబావు పోద్దాం, ముప్పావు తేజ అలాగే ఉంచుదాం, ధర పెంచక్కర్లేదు అన్నారు. పావు కిలోనే కదా అనిపిస్తుంది. భాగించి చూడండి: కిలో చపాటాకు 600 గ్రాముల తేజ. అర కిలో ప్యాకెట్‌లో 167 గ్రాములు ఉండాల్సింది 187 దాటుతుంది. పప్పులో చెంచా కారం వేసే ఇంట్లో పిల్లలు కంచం ముందు నుంచి లేస్తారు. రెండు రాత్రులు దీని మీదే నిద్ర పట్టలేదు, ఎందుకంటే ధర పెంచితే సగం మంది పక్క గిర్నికి పోతారేమోనని టెన్షన్. చివరికి పోతే పోనీ అనుకున్నాను.

ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర కాయ కొన్నాను. జెండా పాటలో, అంటే వేలంలో, పలికిన ధర విన్నప్పుడు గుండె ఝల్లుమంది గానీ కాయ అసలు చపాటానే. కాకపోతే ఈ లాట్ నోటికి పాతదానికంటే కాస్త చురుక్కుమంటోంది. అందుకే తేజ తగ్గించాను. ఇప్పుడు అర కిలో ప్యాకెట్‌లో తేజ సుమారు 154 గ్రాములు.

ధర అర కిలోకు 20 రూపాయలు, పావు కిలోకు 10 రూపాయలు పెరిగింది. ఏది కొన్నా కిలోకు 40 రూపాయల పెరుగుదలే, చిన్న ప్యాకెట్‌లో దొంగచాటు లెక్క లేదు. ఆవకాయకు, తొక్కులకు పట్టించేవాళ్లు సొంత కాయ తెచ్చుకుంటే పట్టుడు కూలి పాతదే. తొడిమలు తీసి, బాగా ఎండబెట్టి తేవాలి.

ఇంకా ఘాటు కావాలంటే పాత బోర్డు ప్రకారం, కిలోన్నరకు ముప్పావు, మీ కళ్ల ముందే తూచి పట్టిస్తాను. కిలోంబావు లెక్క మాత్రం నన్ను అడగొద్దు.