శాన్ మిగెల్‌లో తెల్లవారుజామున నాలుగింటికి

బిడ్డా,

నేను పంపిన వీడియో చూసి "టపాసులేనా నాన్నా?" అన్నావు. ఆ చప్పుడులో ఫోన్లో ఏం చెప్పినా నీకు వినపడలేదు, అందుకే రాస్తున్నా.

ఇక్కడ మెక్సికోలో, నేనుండే కెరేతారోలో బస్సెక్కితే శాన్ మిగెల్ దె అయెందె దగ్గరే. ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన ఒక సన్యాసి 1542లో మొదలుపెట్టిన స్పానిష్ కాలపు ఊరు. ఊరి దేవదూత మిఖాయేలు. ఆయన పండుగ సెప్టెంబర్ 29న అయినా, అసలు సందడంతా ఆ దగ్గరి శని ఆదివారాల్లో. శుక్రవారం డ్యూటీ దిగి వెళ్లిపోయాను. నిద్రంటావా, లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి పెద్ద చర్చి ముందు రాకెట్లు మొదలయ్యాయి. మిఖాయేలుకీ సైతానుకీ యుద్ధమట. గంటసేపు ఆగలేదు. కుర్రాళ్లు తలమీద అట్టపెట్టెలు బోర్లించుకుని నిప్పురవ్వల కిందే గంతులు. మీ అమ్మ ఉంటే నన్ను రెక్క పట్టి లాక్కెళ్లేది!

నాకు నచ్చింది మాత్రం అంతకుముందు వచ్చిన ఊరేగింపు. కర్రలకు కట్టిన పెద్ద పెద్ద కాగితపు నక్షత్రాలు, లోపల దీపాలు. ఈ తెల్లవారుజాము వేడుకను 1920లలో మొదలుపెట్టింది ఇక్కడి లా అరోరా బట్టలమిల్లు కార్మికులు. అది విన్నాక నా కళ్లు మనుషుల మీదికి మళ్లాయి. మిల్లు 1991లో మూతపడింది. అందులో ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీలు, నేను ధర అడగడానికి కూడా జంకే ఫర్నిచర్ షాపులు. మీ తాత పనిచేసిన వరంగల్ అజంజాహి బట్టలమిల్లుకైతే గోడలు కూడా పెద్దగా మిగల్లేదు. అక్కడ కార్మికులు ఏ పండుగ ఎలా చేసేవారో తాతను కూర్చోబెట్టి అడుగు, వీలైతే రికార్డు చెయ్యి. నేనెప్పుడూ అడగలేదు.

పగలు ఈకల కిరీటాలు పెట్టుకున్న నాట్యబృందాలు, కాళ్లకు కట్టుకున్న ఎండుగింజల చప్పుడు. ఎత్తైన చట్రాలకు బంతిపూలు కట్టి మోసుకొచ్చి చర్చి ముందు నిలబెట్టారు. మీరు బతుకమ్మలో పేర్చే బంతికి పుట్టిల్లు ఈ మెక్సికోనే, తెలుసా?

ఇక నీ ఆర్కిటెక్చర్ సంగతి. ఆ పెద్ద చర్చి గులాబీ రంగు ముఖభాగం 1880 ప్రాంతంలో సెఫెరీనో గుతియెర్రెస్ అనే స్థానిక మేస్త్రీ కట్టాడు. యూరప్ చర్చిల పోస్ట్‌కార్డులు చూసి కట్టాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ముందు అన్నీ యూరప్ పాత చర్చిల గోతిక్ తీరు మొనలే. పక్కకు వెళ్లి చూస్తే వెనకాల పాత చర్చి మామూలుగా ఉంటుంది, ముఖం ఒక్కటే తర్వాత తగిలించినట్టు తెలిసిపోతుంది. నాకైతే అది కాస్త అతిగా అనిపించింది. పక్కనుంచి తీసిన ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాను. నీ మాట చెప్పు, మీ సార్ మాట కాదు.

హాస్టల్ ఫీజు సోమవారం వేస్తాను.

మీ నాన్న