డబ్బా మీద 48, లోపల 18

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు... ఏ ఊరి హార్డువేర్ దుకాణానికి వెళ్లినా ఇప్పుడు గల్లాపెట్టె పక్కనే రంగురంగుల ప్లాస్టిక్ పెట్టెలు పేర్చి ఉంటున్నాయి. అవి కార్డ్‌లెస్ డ్రిల్లులు, బ్యాటరీతో నడిచేవి. ఒకప్పుడు వడ్రంగి సంచిలోనో ఎలక్ట్రీషియన్ సంచిలోనో తప్ప కనిపించని పనిముట్టు మామూలు సంసారుల ఇళ్లలోకి వచ్చింది. మంచిదే. కిటికీకి దోమల జాలీ బిగించడానికో, పరదా కడ్డీ తగిలించడానికో ‘రేపు వస్తా’ అన్న మనిషి కోసం వారం రోజులు ఎదురుచూసే అవస్థ తప్పుతుంది. నా అభ్యంతరమల్లా ఆ పెట్టెల మీద అచ్చేస్తున్న అంకెల గురించే.

‘48 వోల్టులు’, ‘88 వోల్టులు’ అని బెత్తెడు ఎత్తున అంకెలు వేస్తున్నారు. కొన్నిటి మీద వోల్టుకు గుర్తయిన ‘వి’ పక్కన ఒక ‘ఎఫ్’ తగిలించి ఉంటుంది. ఎవరైనా నిలదీస్తే అది వోల్టు కాదు, మోడల్ పేరు అని తప్పించుకోవడానికి కాబోలు! ఆ బ్యాటరీని ఊడదీసి అడుగున అంటించిన చిన్న చీటీ చదవండి. చాలావాటి మీద ‘21 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్లు’ (రెండోది బ్యాటరీలో పట్టే చార్జికి కొలత) అనే ఉంటుంది. చీటీయే లేనివీ ఉన్నాయి.

ఐటీఐలో విద్యుత్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి లెక్క చెబుతాను. ఈ బ్యాటరీల్లో వాడే లిథియం అయాన్ సెల్లు మామూలుగా ఇచ్చేది 3.6 వోల్టులు, నిండా చార్జి చేసినప్పుడు 4.2. ఐదు సెల్లులు వరసగా కలిపితే 18 వోల్టులు, చార్జర్ నుంచి తీసిన క్షణాన 21. అంటే 18 అన్నా, ‘20 మ్యాక్స్’ అన్నా, 21 అన్నా ఐదు సెల్లుల బ్యాటరీయే. పేరున్న కంపెనీలు కూడా అమెరికాలో 20 అనీ, యూరప్‌లో 18 అనీ ఒకే తరహా బ్యాటరీని అమ్ముతాయి. 12 వోల్టులన్నది మూడు సెల్లులది, పనిలో ఉన్నప్పుడు 10.8. ఇంతవరకూ వ్యాపారపు చమత్కారం అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ నిజంగా 48 వోల్టుల దరిదాపులకు రావాలంటే 13 సెల్లులైనా కావాలి. ఒక్కొక్కటి సుమారు 45 గ్రాములు. సెల్లుల బరువే అర కిలో దాటుతుంది. ఆ పెట్టెలోని బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని చూడండి, అంత తూగదు.

కొనేవాడు ఈ లెక్క వేసుకోడు. 18 అని నిజం రాసిన పెట్టె పక్కన, వెయ్యి రూపాయలు తక్కువకు 48 అని రాసిన పెట్టె కనిపిస్తే చేయి దేని మీదికి పోతుందో చెప్పనక్కరలేదు. పైగా దుకాణదారు బ్యాటరీ తగిలించి గాలిలో ‘జుయ్’మని తిప్పి చూపిస్తాడు. గాలిలో తిరగని మోటారు ఎక్కడుంది? ‘గోడైనా స్లాబైనా ఒకటే సార్’ అంటాడు. ఒక వేప చెక్క ముక్క తెప్పించి, అందులోకి రెండు అంగుళాల మర దించి చూపించమనండి. తల పూర్తిగా దిగకముందే ఆయాసపడి ఆగిపోయే డ్రిల్లు అక్కడే బయటపడుతుంది.

పెట్టె మీద చూడాల్సింది వోల్టుల కంటే ముందు టార్కు, అంటే తిప్పే బలం. దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఇంటి పనికి 30 నుంచి 40 దాకా ఉంటే ధారాళం. చిన్న చిన్న పనులకు 12 వోల్టుల రకం ఇచ్చే 20, 25 కూడా చాలు. వేగాలు రెండుండాలి, నిదానంగా తిరిగేది మరలు బిగించడానికి, జోరుగా తిరిగేది రంధ్రాలు చేయడానికి. బిట్టును, అంటే రంధ్రం చేసే పుల్లను, పట్టుకునే చక్ వెనకాల అంకెలున్న ఒక పట్టీ ఉంటుంది. అది క్లచ్. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. తక్కువ అంకె మీద పెడితే మర బిగుసుకోగానే ‘టకటక’మని జారి తిరగడం ఆపుతుంది, అల్మరా తలుపు చీలిపోదు, మర తల అరిగిపోదు. ఇంట్లో వాడేవారికి 88 వోల్టుల బడాయి కంటే ఈ పట్టీ వందరెట్లు అవసరం.

ఇక గోడల సంగతి. ఎర్ర ఇటుక గోడకు ‘ఇంపాక్ట్’ సౌకర్యం, అంటే తిరుగుతూనే గోడలోకి దెబ్బలు వేసే ఏర్పాటు, ఉన్న 18 వోల్టుల డ్రిల్లు సరిపోతుంది. నేలటూరు థర్మల్ కేంద్రం ఉన్న జిల్లాలో బూడిద ఇటుకల ఇళ్లకు కొదవ లేదు కదా, వాటికీ ఫరవాలేదు. తాపీ పని బిట్టు, అంటే కార్బైడ్ మొన ఉన్నది, వాడాలి. చెక్క బిట్టుతో గోడ మీద కుస్తీ పట్టి ‘డ్రిల్లు బాగాలేదు’ అనేవారిని చూస్తూనే ఉన్నాం. కాంక్రీటు స్తంభం, దూలం, స్లాబు మాత్రం ఈ డ్రిల్లుల పని కాదు. వీటిలో రెండు పళ్ల చక్రాలు ఒకదానిపై ఒకటి జారి చిన్న చిన్న దెబ్బలు వేస్తాయి. కాంక్రీటుకు కావలసింది లోపల పిస్టన్ గాలి ఒత్తిడితో మోదే రోటరీ హ్యామర్. దాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు, పనివాణ్ణి పిలవవచ్చు. పసిపిల్లల ఉయ్యాల కొక్కేన్ని స్లాబుకు సొంతంగా బిగించే సాహసం వద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. చీమకుర్తి గ్రానైటు పలక కూడా అంతే. దాని మీద ఇంపాక్ట్ పెడితే పలక చిట్లుతుంది. అది డైమండ్ బిట్టుతో, నీళ్లు పోస్తూ చేతులు తిరిగినవాళ్లు చేసే పని.

‘ఇంపాక్ట్ డ్రైవర్’ అని ఇంకొకటి అమ్ముతున్నారు. పేరు చూసి గోడకు పనికొస్తుందని కొనేస్తున్నారు. అది మరలు బిగించే యంత్రం. దాని దెబ్బలు తిరిగే దిశలో పడతాయి, గోడలోకి కాదు.

ఇంతకూ ఏడాదికి నాలుగు రంధ్రాలు చేసుకునే ఇంటికి బ్యాటరీ డ్రిల్లు కావాలా అన్నది నా అసలు సందేహం. గోడ పనే ఎక్కువైతే, ప్లగ్గు దగ్గర్లో ఉంటే, 500 – 600 వాట్ల తీగ డ్రిల్లు తక్కువ ధరకే వస్తుంది, పదేళ్ల తర్వాత తీసినా తిరుగుతుంది. బ్యాటరీ అలా కాదు. వాడినా వాడకపోయినా దానికి వయసు మీద పడుతుంది. పూర్తిగా దిగిపోయాక నెలల తరబడి అలాగే వదిలేస్తే మళ్లీ చార్జి ఎక్కకపోవచ్చు. మన దగ్గర మేలో ఎండ నలభై దాటుతుంది. రేకుల గదిలోనో, మిద్దె కింద అటక మీదో, స్కూటర్ డిక్కీలోనో పెడితే ఇంకా తొందరగా చస్తుంది. సగం చార్జితో, ఇంట్లో చల్లగా ఉండే అరలో పెట్టి, మధ్య మధ్య చూసుకునే ఓపిక ఉంటేనే బ్యాటరీ రకం కొనాలి. చెక్క సామాను బిగించుకునేవారికి, ప్లగ్గు అందని గేటు దగ్గరో డాబా మీదో పని ఉన్నవారికి అది నిజంగా సుఖం, కాదనను.

కొనే ముందు దుకాణదారును ఒక్క ప్రశ్న అడగండి, ‘రెండేళ్ల తర్వాత ఈ బ్యాటరీ ఒక్కటే కావాలంటే దొరుకుతుందా, ఎంత?’ అని. జవాబు లేకపోతే ఆ డ్రిల్లు ధర రెండేళ్ల అద్దె అనుకోవాలి. పేరున్న కంపెనీలవైనా బ్యాటరీ ఒక్కటే కొనాలంటే గుండె గుభేలుమంటుంది. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించేవాటిలో బ్యాటరీ, చార్జర్ లేని ఒట్టి యంత్రాలు ఉంటాయి, వివరాలన్నీ చదవాలి. ‘వంద వస్తువుల కిట్టు’ అనే ఆశ కూడా వద్దు. మెత్తటి ఇనుప బిట్లు వంద ఇచ్చే బదులు 6, 8 మిల్లీమీటర్ల గట్టి తాపీ బిట్లు రెండు ఇస్తే మేలు.

ఇప్పుడు అధికారులకు నా మనవి. ప్యాకెట్ సరుకుల నిబంధనలు 2011 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోను నంబరు డబ్బా మీద ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా చెప్పాలి. 48 వోల్టుల డబ్బాల్లో చాలావాటి మీద ఇవేవీ కనిపించవు. పెట్రోలు బంకుల్లో, బంగారం దుకాణాల్లో తనిఖీలు చేసే తూనికలు కొలతల శాఖ ఒక్క పూట ట్రంకు రోడ్డు దుకాణాల్లో ఈ డబ్బాలు తిప్పి చూస్తే చాలు. వోల్టుల అబద్ధం తమ పరిధిలోకి రాదంటారేమో. అలాగైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి రూ.10 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. జిల్లా అధికారులు ఆ సంస్థకు రాస్తే బాగుంటుంది. మోసపోయినవారు 1915కు ఫోను చేయవచ్చు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, కొన్నదాని విలువ రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. బిల్లు మాత్రం ఉండాలి. ‘బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వందలు తగ్గిస్తా’ అనే మాటకు లొంగకూడదు.

మరొకటి, చచ్చిన బ్యాటరీలు. ఇప్పుడు కొన్నవన్నీ రెండు మూడేళ్లలో చెత్త బండి ఎక్కుతాయి. బండిలో నలిగితే లిథియం బ్యాటరీ అంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. మామూలు చెత్తలో కలపకపోవడం మన బాధ్యత. కలపకుండా ఎక్కడ ఇవ్వాలో మాత్రం మా వీధిలో ఎవరికీ తెలియదు. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు వార్డు సచివాలయానికి ఒక డబ్బా చొప్పున పెట్టి, ఫోను బ్యాటరీలతో పాటు వీటినీ అందులో వేయమని చెత్త బండి మైకులో చెప్పించాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఐటీఐ శిక్షకుడు, కావలి