అచ్చంపేటలో ఉన్న బక్కోడికి ఎర్ర బండి ముచ్చట

నల్లగొండ,
సెప్టెంబరు 2016

అరేయ్ బక్కోడా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ముందే దండం పెడుతున్నా. తిట్లన్నీ దాచిపెట్టు, కలిసినప్పుడు తీరిగ్గా తిడుదువు. మెల్‌బోర్న్ నుంచి రాగానే రాద్దామనుకున్నా. వచ్చీ రాగానే నాయినకు కంటి ఆపరేషన్. అది అయిందనిపించేసరికి కృష్ణా పుష్కరాలు. పుష్కరాల్లో నువ్వు మాత్రం ఎక్కడ దొరుకుతావు? స్పెషల్ బస్సుల మీద సోమశిలకూ శ్రీశైలానికీ తిరగడంతోనే సరిపోయిందట కదా, మీ ఇంట్లో చెప్పారు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. నాయిన చూపు బాగైంది, పేపరు తనే చదువుకుంటున్నాడు. చిన్నక్కకు బిడ్డ పుట్టింది, అమ్మ ఇంకా అక్కడే ఉంది. స్పేర్ పార్ట్స్ కొట్టు నడుస్తోంది. రెండేళ్ల కరువు తర్వాత వాన పడి మామయ్య బత్తాయి తోట పచ్చబడింది. మీ అచ్చంపేట నాగర్‌కర్నూలు జిల్లాలోకి పోతోందట, ఇక నిన్ను పాలమూరోడా అనడానికి లేదు. సరే, ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను దాన్ని నడిపాను రా!

ఏదాన్ని అంటావా? ఇంటర్ చదివేటప్పుడు బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద ఇంగ్లీషు కార్ల పత్రిక కొన్నాం, గుర్తుందా? నడిమి పేజీలో రెండే సీట్లున్న ఎర్ర కారు, కప్పు లేదు, మూతలు పైకి లేస్తే బయటికొచ్చే లైట్లు. నువ్వు దాన్ని రూములో గోడకు అంటిస్తే గుమ్మడికాయ సారు వచ్చి ఏమన్నాడో ఇక్కడ రాయను, నీకు తెలుసు. అదే బండి, మాజ్దా ఎంఎక్స్-5. అమెరికావాళ్లు మియాటా అంటారు. ఇప్పుడు దాన్ని మొత్తం మళ్లీ గీసి, మళ్లీ కట్టారు. మెల్‌బోర్న్‌లో ఉన్న బావ కొన్నాడు. నాకు చెప్పనే లేదు, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికెళ్లి షెడ్డు తలుపు ఎత్తేదాకా నాకు తెలియదు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. మన్ననూరు దాటితే నీకు సిగ్నల్ ఉండదు, డ్యూటీ దిగితే నిద్ర. పైగా ఇది ముక్కలు ముక్కలుగా చెప్పే ముచ్చట కాదు.

మనకు మజ్దా అంటే స్వరాజ్ మజ్దా, పెళ్లిళ్లకు కట్టే మినీ బస్సు. నా కొట్లో ఇప్పటికీ దాని క్లచ్ ప్లేట్లున్నాయి, నువ్వు స్టీరింగు పట్టడం నేర్చుకున్నదీ దాని మీదే. ఆ పేరులో ఉన్న హిరోషిమా కంపెనీయే ఈ బండి చేసింది. 1960లలో ఇంగ్లండువాళ్లు ఇలాంటి చిన్న ఓపెన్ బండ్లు తెగ చేశారు. నడిపితే సరదాగా ఉండేవి కానీ ఆయిలు కారేది, వైరింగు మొరాయించేది. మెల్లగా చాలావరకు ఆగిపోయాయి. బాబ్ హాల్ అని ఒక అమెరికా మోటారు విలేకరి, 1979లో అనుకుంటా, మాజ్దా ఇంజనీరు కెనిచి యమమోతోతో మాట్లాడుతూ అలాంటి బండి మీరెందుకు చేయకూడదని అడిగాడట. పదేళ్లు పట్టింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో బయటపెట్టారు. మన గోడ మీద ఉన్నది అదే. ఇప్పటిది నాలుగో తరం. 2014 సెప్టెంబరులో చూపించి, మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టారు. ఈ మార్చిలో వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్ దీనికే వచ్చింది, డిజైన్ అవార్డూ దీనికే. ఏప్రిల్‌కల్లా అన్ని తరాలూ కలిపి పది లక్షల బండ్లు తయారయ్యాయి. రెండు సీట్ల బండి రా, పది లక్షలు!

కొత్త మోడల్ వచ్చిందంటే ఏం జరుగుతుందో మనం చూస్తూనే ఉన్నాం. పొడవు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఆ బరువును లాగడానికి ఇంజను పెరుగుతుంది. వీళ్లు వెనక్కి నడిచారు. కొత్త బండి పొడవు 3915 మిల్లీమీటర్లు, 1989 నాటి మొదటి బండి కంటే పొట్టి. మూడో తరం కంటే 100 కిలోలకు పైగా తగ్గించారు. బావ తీసుకున్న ఒకటిన్నర లీటరు బండి దాదాపు 1000 కిలోలు ఉంటుంది. ఎయిర్ బ్యాగులూ, ఇప్పటి చట్టాలు అడిగే సామానంతా పెట్టుకుని కూడా అంతే.

ఎట్లా తగ్గించారో చూడాలని షెడ్డులో కింద పడుకుని, టార్చి వేసి చూశాను. అక్క నవ్వుతూనే ఉంది. చక్రానికి నాలుగే నట్లు! మూడో తరానికి ఐదు ఉండేవి. బరువు తగ్గింది కాబట్టి నాలుగు చాలన్నారు, ఆ ఒక్క నట్టు, దాని బోల్టు బరువు కూడా పోయింది. బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియం. సీటు లోపల స్ప్రింగులూ మందపాటి స్పాంజీ కాకుండా వల లాంటిది బిగించారు. గేరుబాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా పొడవాటి అల్యూమినియం చట్రం ఒకటి బిగించి ఉంది. మొదటి బండి నుంచీ అదే పద్ధతి. దానివల్ల యాక్సిలరేటరు తొక్కగానే మధ్యలో ఏదీ మెలి తిరగదు, నువ్వు తొక్కింది తొక్కినట్టు వెనక చక్రాలకు చేరుతుంది. ఈ పార్టులు అమ్మి బతికేవాణ్ని కదా, ప్రతి ముక్క గురించీ ఎవరో కూర్చుని ఆలోచించారంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నిజంగా.

లోపల ఇంకో సంగతి. తలుపు పైఅంచు మీద బయటి ఎర్ర రంగే లోపలికీ వచ్చింది. కూర్చుంటే ముందు రెండు ఫెండర్లూ గుండ్రంగా లేచి కనిపిస్తాయి, టైరు ఎక్కడుందో అడుగు తేడా లేకుండా తెలుస్తుంది. కప్పుకు మోటారు లేదు. అద్దం పైన మధ్యలో ఒక్క గొళ్లెం. అది తీసి, కూర్చున్న చోటి నుంచే ఒంటిచేత్తో వెనక్కి తోస్తే నెత్తి వెనక టక్కున కూర్చుంటుంది.

ఇక నడిపిన రోజు. అక్కడ జూన్, జులైలో చలికాలం. పొద్దున్నే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కప్పు మూసుకుందామని బావ, తీయాల్సిందేనని నేను. తీశాం. చెవులకు మంకీ క్యాప్, కాళ్ల మీదికి హీటరు. ఆ చలిలో కింద వెచ్చగా, పైన గాలి కోస్తుంటే వచ్చే హుషారు వేరు రా. ఊరు దాటి హీల్స్‌విల్ అనే చిన్న ఊరి దాకా బావ నడిపాడు. అక్కడ టీ తాగాక, "ఇక నీదే" అని తను పక్క సీట్లోకి మారాడు. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే టూరిస్టుకు చెల్లుతుందట, ఇన్సూరెన్సు సంగతి బావ ముందే చూసుకున్నాడు. అక్కడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు.

హీల్స్‌విల్ దాటాక బ్లాక్ స్పర్ అని కొండ దారి మొదలవుతుంది. రెండు పక్కలా నీలగిరి జాతి చెట్లు. మన తోటల్లో ఉండేంత కాదు, మెడ విరిగేలా చూస్తే తప్ప కొస కనిపించదు. కింద ఫెర్న్ మొక్కలే చెట్లంత ఎత్తున్నాయి. రోడ్డు తడి, బెరడు ముక్కలు రాలి ఉన్నాయి. మలుపు మీద మలుపు. అచ్చం మన శ్రీశైలం ఘాటే అనుకో, ఎండ ఉండదు, కోతులుండవు.

నీకు చెప్పాలనుకున్నది ఇక్కడ జరిగింది. మొదటి ఎగువ మలుపు, ఎడమకు. మూడో గేరులో వస్తున్నా. రెండుకు దించాలి. నీ బస్సులో గేరు మార్చాలంటే భుజం లేవాలి, ఇక్కడ మణికట్టు కదిలితే చాలు. లివరు చిన్నగా, గట్టిగా, ఏ గాడిలో పడిందో వేళ్లకు చెబుతుంది. యాక్సిలరేటరు పై నుంచి వేలాడదు, నేల మీంచి లేస్తుంది. బ్రేకు మీద మునివేళ్లు ఉంచి మడమతో యాక్సిలరేటరును ఒక్కసారి తడితే ఇంజను సరిగ్గా అంతే లేచింది, గేరు జారినట్టు పడింది, బండి ఉలకలేదు. స్టీరింగు తిప్పగానే ముక్కు లోపలికి తిరిగింది. ఆ తర్వాత బండి కొంచెం వాలింది. పత్రికలవాళ్లు దీన్ని లోపమని రాశారు, మరీ వాలుతుందని. నేను ఒప్పుకోను. ఆ వాలడం వల్లే ఏ టైరు మీద ఎంత బరువు పడుతోందో నడుముకు తెలిసిపోయింది. నువ్వెప్పుడూ అంటావు చూడు, బస్సును చేత్తో కాదు, నడుముతో నడపాలని. ఆ మాట నాకు ఆ మలుపులో అర్థమైంది.

మలుపు మధ్యలో కాలు మెల్లగా నొక్కితే వెనక చక్రాలు తోస్తున్నట్టు వీపుకు తగులుతుంది. ఇద్దరు కూర్చుంటే ముందూ వెనకా బరువు సగం సగం పడేలా కట్టారు. గుర్రమూ రౌతూ ఒకటే అయినట్టుండాలని ఆ కంపెనీవాళ్లు మొదటి నుంచీ పట్టిన పట్టు, ఇప్పటికీ వదల్లేదు. ఇంజను 1496 సీసీ, 130 హార్స్ పవర్ చిల్లర. అంతేనా అంటారు కార్ల పిచ్చోళ్లు. కానీ దాని బలమంతా నిమిషానికి 7000 చుట్లు తిరిగే దగ్గర ఉంది, అక్కడికి నువ్వు వెతుక్కుంటూ వెళ్లాలి. వెళ్లేదాకా ప్రతి గేరునూ పూర్తిగా వాడుకోవచ్చు, లైసెన్సు పోయేంత వేగం రాకుండానే. పెద్ద కార్లలో రెండో గేరు మొత్తం వాడితే చాలు, పోలీసులు వెంటపడతారు. ఎంత వేగంగా పోయానని ఇక్కడ అందరూ అడుగుతున్నారు. ఎవరికీ చెప్పలేకపోయాను. మెల్లగా పోయినా అంత ఆనందం ఉండడమే దీని గొప్ప అని నీకు తప్ప ఎవరికి చెప్పను?

కొండ దాటాక ఆపేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. బావే నవ్వి, "మళ్లీ వెనక్కి తిరిగి ఎక్కుదామా" అన్నాడు. ఎక్కాం.

అన్నట్టు, బావ వాళ్ల వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, ట్రామ్ డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన దగ్గర మొదటి తరం బండి ఉంది రా, మన గోడ మీదిదే! నా కోసం స్విచ్ నొక్కి లైట్లు లేపి చూపించాడు. రెండు బండ్లూ పక్కపక్కన పెట్టించాం. కొత్తదాని లైట్లు సన్నగా, చురుగ్గా ఉన్నాయి. పాతదాని ముఖంలో నవ్వు ఉంది, కొత్తదానికి కోపం ఎక్కువ. నాకైతే ముఖం పాతదే ఇష్టం, నడుము కొత్తది. నా సోపతి శ్రీశైలం ఘాటులో బస్సు నడుపుతాడని చెబితే పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని బస్సు బరువెంత, బ్రేకులేమిటి, వానలో ఎట్లా అని అన్నీ అడిగాడు. ఆయన భార్య ఉన్నప్పుడు ఇద్దరూ దాంట్లోనే తిరిగేవాళ్లట. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒక్కడే స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, ఆపేస్తాడట. నాకెందుకో ఆ మాట విన్నాక ఆ రోజు అన్నం సయించలేదు. నువ్వు ఒకసారి ఆయనను కలవాలి. ఎట్లాగో ఏమో.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. డిక్కీ 130 లీటర్లే, మీ అమ్మ పంపే పచ్చళ్ల సంచి పడితే బట్టల సంచి పట్టదు. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్సే లేదు, ఏదైనా దాచుకోవాలంటే రెండు సీట్ల మధ్య వెనక్కి చెయ్యి తిప్పాలి. స్టీరింగు పైకీ కిందికీ జరుగుతుంది కానీ దగ్గరికి రాదు, నీలాంటి పొడుగోడికి మోకాళ్లు ఇబ్బందే. హైవే మీద కప్పు మూసినా రొద. స్టెపినీ లేదు, పంక్చరు కిట్టు ఒక్కటే ఇచ్చారు. నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. మన దేవరకొండ రోడ్డు స్పీడు బ్రేకర్లు తలుచుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. పైగా మాజ్దా మన దేశంలో కార్లు అమ్మదు. తెప్పించుకోవాలంటే సుంకాలతో కలిపి... వద్దు, ఆ లెక్క వేసి రాత్రి నిద్ర పాడుచేసుకున్నా, నీకెందుకు.

అయినా ఒక్క మాట. తెల్లారక ముందు డిండి దాటి, చెక్‌పోస్టు గేటు తీయగానే మన్ననూరు నుంచి ఈగలపెంట దిగువ మలుపుల దాకా, కప్పు తీసి, నువ్వు నడుపుతూ నేను పక్కన... నేను ఇంత రాసినా నీ చేతిలో ఆ బండి చేసేది వేరేగా ఉంటుంది. నువ్వు ఆ ఇంజను చప్పుడు విని ఏ గేరులో ఏం చేస్తావో చూడాలని ఉంది, అంతే.

ఇంకా చాలా ఉంది. బావ దోస్తు దగ్గర 2 లీటర్ల బండి కూడా ఉంది, అదీ నడిపాను. ఎక్కువ బలం, కింది నుంచే లాగుతుంది, అందరూ అదే మేలంటారు. కానీ నేను చిన్న ఇంజనుకే ఓటు వేస్తా, ఎందుకంటే ముక్కు మీద బరువు

మీ డిపో కండక్టరు వచ్చేశాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. అచ్చంపేట బస్సు కదులుతోందట, నిలబడే పిలుస్తున్నాడు. ఫోటోలు కవరులో ఉన్నాయి, నట్ల ఫోటో మాత్రం జాగ్రత్తగా చూడు. దసరాకు రా. సున్నపు డబ్బా మర్చిపోకు. ఘాటులో పైలం.

నీ
నల్లగొండోడు